ఆకుల మీద బూడిద

తుంగురావా అగ్నికొండ బూడిద కక్కుతున్న రోజులు. జనాన్ని ఖాళీ చేయించిన వాలులో ఒక బంగాళాదుంప చేను. అన్సెల్మో, అతని భార్య లుస్మిల. ముక్కులకు గుడ్డలు, చేతుల్లో కోడి ఈకల కట్టలు. పొద్దెక్కుతోంది.

“అలా రుద్దకు. ఆకు గీసుకుపోతుంది.”

“రుద్దట్లేదు, తుడుస్తున్నాను.”

“నువ్వు తుడవడం గిన్నె తోమినట్టుంది. ఇది పొయ్యిలో బూడిద కాదే లుస్మీ, గాజుపొడి. ముందు మొక్కను మొదట్లో పట్టుకుని మెల్లగా కుదుపు. రాలగలిగిందంతా రాలుతుంది. తర్వాత ఆకు కింద అరచెయ్యి పెట్టి, ఈకలతో పైనించి ఒక్కసారి. అంతే.”

“దుంపల చేలో పుట్టినదానికి నువ్వు నేర్పుతున్నావు.”

“చేలో పుట్టావు గాని బూడిదలో పుట్టలేదుగా.”

“నువ్వు పుట్టినట్టే ఉన్నావు. కళ్ళు తప్ప ఏం కనపడట్లేదు. మొహం కడుక్కుని ఎన్నాళ్ళయింది?”

“ఉన్న నీళ్ళు తాగడానికే చాలట్లేదు. కాలవంతా బురద. అయినా ఇక్కడ నా మొహం చూసేదెవరు, కుందేలా?”

“నేను చూస్తున్నాను కదా.”

“నువ్వు పెళ్ళయిన కొత్తలో చూసేశావు. ఇక దానికేం కొత్త చూపు వద్దు. ఆ సాలు పట్టుకో. నేను ఇటునించి వస్తాను. మధ్యలో కలుద్దాం.”

“ఇంకా ఎన్ని సాళ్ళున్నాయి?”

“లెక్కపెట్టకు. లెక్కపెడితే చేతులు పడిపోతాయి. ఆ మబ్బు చూడు.”

“ఏ మబ్బు?”

“కింద, లోయలో. ఏటిమీద పడుకుని ఉంది చూడు దూదిలాగ. మధ్యాహ్నానికి లేచి ఎక్కి వస్తుంది. మామూలప్పుడైతే దానికి దండం పెట్టేవాణ్ణి. ఇవాళ అది వచ్చేలోపు ఆకులన్నీ పొడిగా శుభ్రం అవ్వాలి. బూడిద ఉండగా చినుకు పడిందంటే ఇదీ పై మడిలాగే అయిపోతుంది.”

“పై మడికేమైంది?”

“నువ్వు చూళ్ళేదా?”

“నేరుగా నీ దగ్గరికే వచ్చాను కదయ్యా.”

“పోయింది. నేనే చంపుకున్నాను. తెల్లగా అయిపోయాయి కదా పాపం అని, కడిగాను.”

“నీళ్ళతోనా?”

“నీళ్ళతో కాకపోతే దేంతో కడుగుతారు? కాలవ నుంచి మోశాను. పొద్దంతా మోశాను. ఒక్కొక్క మొక్కకీ తల స్నానం చేయించినట్టు చేయించాను. సాయంత్రానికి పచ్చగా నిగనిగలాడాయి. నాకే ముచ్చటేసింది. రాత్రి మళ్ళీ సన్నగా బూడిద పడింది, ఆ తడి మీద. తెల్లారేసరికి గోడకి గచ్చు వేసినట్టు బిగుసుకుపోయింది. గోరుతో గీకితే ఆకు కూడా ఊడి వచ్చింది.”

“తడపొద్దని పంటల ఇంజినీరమ్మ ఎంత చెప్పిందయ్యా. బడిలో అందరినీ కూర్చోబెట్టి చెప్పింది.”

“అప్పటికి నేను బడిలో లేను.”

“అవును. లేవు.”

“ఆ లేవు అనడంలో ఏదో ఉంది.”

“ఏం లేదు. లేవు అంటే లేవు. మా అందరినీ లారీ ఎక్కించారు, దింపారు, బడిలో చాపలేశారు. పొద్దున లేచి చూస్తే నీ చాప ఖాళీ. మీ అమ్మ ఒక పక్క, నేను ఒక పక్క, మధ్యలో నీ చాప.”

“దుంపలు ఎవరు చూస్తారు మరి?”

“దుంపలు. సరే. తుడువు.”

“ఏం చెప్పింది ఆ పిల్ల?”

“ఏ పిల్ల?”

“ఇంజినీరమ్మ అన్నావుగా. చెప్పు. ఊరికే చేతులే పని చేస్తున్నాయి, చెవులు ఖాళీగానే ఉన్నాయి.”

“అంబాతో పట్నం నుంచి వచ్చింది. చిన్నపిల్ల, మన నూబియా కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. బూట్లు కొత్తవి. ముందు అందరూ నవ్వారు. తర్వాత నవ్వలేదు. ఆకంటే వంటిల్లు అంది. మొక్క తినేదంతా అక్కడే వండుకుంటుందట. వెలుతురు పొయ్యిలో మంట. నీళ్ళు వేళ్ళనుంచి. గాలి ఆకు అడుగునుంచి.”

“అడుగునుంచా?”

“అడుగున నోళ్ళుంటాయట, కంటికి కనపడనంత చిన్నవి. వాటిల్లోంచి పీలుస్తుంది. ఈ బూడిద పైన కూర్చుని మంట ఆర్పేస్తుంది, కింద దూరి నోరు మూసేస్తుంది. పైగా ఎండలో పెనంలా కాలుతుంది. ఆకు మరీ వేడెక్కితే ఉన్న నీళ్ళు పోకుండా తనే నోరు బిగించుకుంటుందట. ఇక గాలి లేదు. గాలి లేకపోతే వంట లేదు.”

“అడుగు కూడా తుడవాలన్నమాట. నేను పైనే తుడుస్తున్నాను.”

“కుదిపితే అడుగుది చాలా వరకు రాలుతుందంది. అడుగు రుద్దొద్దు అంది.”

“మరి నేను పై మడికి ఇంకాస్త పేడ ఎరువు వేశాను. బలం వస్తుందని.”

“అదీ అడిగాడు మన పక్క చేను అబెలార్దో. ఎరువు వేస్తే తట్టుకుంటుందా అని. పొయ్యిలో మంట లేకుండా కుండలో ఎన్ని గింజలు పోస్తే ఏం లాభం అంది. వెలుతురు, నీళ్ళు, గాలి, ఎరువు, ఈ నాలుగింట్లో ఏది తక్కువైతే వంట దాని నడకే నడుస్తుందట. మిగతావి ఎంత ఎక్కువ ఉన్నా ఎదురు చూస్తూ కూర్చోవాల్సిందే. ఇప్పుడు తక్కువైంది వెలుతురు. కాబట్టి వెలుతురు సంగతే చూడండి, మిగతావి వదిలేయండి అంది.”

“పొగ కప్పేసి సూర్యుడే సగం అయ్యాడు. తుడిచినా వెలుతురేదీ?”

“నేనూ అదే అడిగాను. సగం వెలుతురైనా పని చేస్తుందట, మెల్లగా. సన్నని మంట మీద అన్నం ఉడకదా అంది. ఆకు మీద పొర ఉంటే మాత్రం ఆ సగం కూడా అందదు. పొద్దున చలికి బద్ధకంగా ఉంటుంది, పొద్దెక్కాక ఊపందుకుంటుంది. అందుకని పొద్దున్నే తుడవండి అంది, వెలుతురు వృథా కాకుండా.”

“బాగానే చదువుకుంది.”

“మీ అమ్మ కూడా అడిగింది.”

“అమ్మా? ఏమడిగింది?”

“చాప మీద పడుకునే తల ఎత్తి, పిల్లా, రాత్రి మాటేమిటి, రాత్రి వండుకోదా అంది. లేదవ్వా, వెలుతురుంటేనే వండుతుంది, రాత్రి ఉన్నదాంట్లోంచి తింటుంది అంది ఆ పిల్ల. అయితే నాకంటే నయం, నా మొగుడు అర్ధరాత్రి వచ్చి పొయ్యి వెలిగించమనేవాడు అంది. బడంతా నవ్వారు. ఇంజినీరమ్మకి మొహం ఎర్రబడింది.”

“నాన్న అలాగే వచ్చేవాడు.”

“నాకు తెలుసు. నీదీ అదే తీరు.”

“నేను అర్ధరాత్రి ఎప్పుడొచ్చాను?”

“నూబియా పుట్టిన రాత్రి. అంతా అయిపోయాక వచ్చావు. సరే, ఆ కథ వద్దు.”

“నువ్వే మొదలుపెట్టావు.”

“నేనే ఆపుతున్నాను.”

“ఇది చూడు లుస్మీ, ఈ మొక్క మొదట్లో మట్టి కాస్త తోసి చూడు. వేలు పెట్టు. తగిలిందా?”

“తగిలింది. పావురం గుడ్డంత.”

“అంతే ఉన్నాయి అన్నీ. పూత రాలిపోయింది, దుంప కట్టింది, ఇక ఊరడమే. ఇప్పటినుంచి ఆకు ఏం వండితే అది కిందికే పోతుంది. ఇంకో మూడు వారాలు ఈ ఆకు బతికితే పిడికిలంత అవుతుంది. ఇవాళ చస్తే గోళీలే. పందులు కూడా తినవు.”

“పందులెక్కడున్నాయి.”

“మాటవరసకి. గాలి ఎటు తిరిగిందో చూశావా? నిన్నటినుంచి అడవి వైపుకి తోలుతోంది. పొగంతా అటే పోతోంది. కొండమ్మకి మన మీద దయ కలిగింది అనుకోను గాని, కనీసం మొహం అటు తిప్పుకుంది. ఈ పూటకి తుడిచేస్తే వాన మంచిదే అవుతుంది. కడిగిన ఆకు, తడిసిన వేరు. నేను ఇక్కడ లేకపోయినా దాని మానాన అది ఊరుతుంది. ఈ పూటే. ఈ పూట దాటితే లేదు.”

“మధ్యాహ్నం దాకానే నాకు గడువు.”

“ఎవరిచ్చారు?”

“వంతెన దగ్గర సైనికులు. మధ్యాహ్నానికి మీ ఆయన్ని తీసుకుని దిగకపోతే మేమే వస్తాం అన్నారు. దిగాక మళ్ళీ దాటనివ్వరట. నీ పేరు రాసుకున్నారు.”

“అసలు నిన్నెలా రానిచ్చారు?”

“అడిగాను. రానిచ్చారు.”

“అబెలార్దో అడిగితే తుపాకి అడ్డం పెట్టారట కదా.”

“నీకెవరు చెప్పారు?”

“వాడే. పై మడి పోయాక ఒకరోజు అవతలి గట్టు మీద నిలబడి అరిచి చెప్పాడు. ఏడ్చాట్ట కూడా.”

“నేను ఆడదాన్ని కదా. జాలిపడ్డారు.”

“అబెలార్దో పెళ్ళాన్ని కూడా వెనక్కి పంపారు. ఆవిడా ఆడదే.”

“ఆవిడ నోరు నీకు తెలీదా? సైనికుడి తల్లిని తిట్టి ఉంటుంది. ఇప్పుడు నన్ను ప్రశ్నలు అడుగుతావా, సాలు చూసుకుంటావా?”

“సాలే చూసుకుంటున్నాను.”

“చూసుకో.”

“అమ్మ ఏమైనా తింటోందా?”

“నిన్న పొద్దున జావ తాగింది. బార్లీ జావ.”

“రాత్రి?”

“రాత్రి ఏం అడగలేదు.”

“దగ్గు?”

“లేదు. దగ్గు తగ్గింది.”

“మంచిదే. రాత్రుళ్ళు దాంతో పడుకోలేకపోయేది.”

“ఇప్పుడు పడుకుంది.”

“దగ్గర ఎవరున్నారు?”

“మీ అక్క ఉంది. ఒర్తెన్సియా. నూబియా ఉంది. ఆడవాళ్ళంతా ఉన్నారు.”

“అంతమందా?”

“బడి చిన్నది కదయ్యా. ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరి పక్కనే.”

“అదీ నిజమే. ఆ చివరి ఆకు వదిలేశావు.”

“ఎక్కడ?”

“కింద. నేలకి ఆని ఉంది చూడు. దాన్ని తుంచెయ్యి. అది ఇక వండదు, మిగతావాళ్ళు వండింది తింటుంది.”

“నువ్వు మీ అన్న గురించి కూడా అలాగే అనేవాడివి.”

“వాడి గురించి తప్పన్నానా?”

“లేదు.”

“మరి.”

“అన్సెల్మో, నేను ఒకటి చెప్పాలి.”

“ఆవు సంగతైతే తెలుసు.”

“ఆవు సంగతి కాదు.”

“పళ్ళు అరిగిపోయాయి దానికి. ఈ బూడిద గడ్డి నమిలి నమిలి. నోరు తెరిచి చూస్తే చిగుళ్ళ దాకా నున్నగా, ముసలి దానిలాగ. గడ్డి పెడితే నాకుతుంది, నమల్లేదు. నా వంక చూస్తుంది. మొన్న తాడు విప్పేశాను. దాని దారిన అది పోయింది. అమ్మితే కసాయివాడు కూడా తోలు ధరే ఇచ్చేవాడు. నువ్వు తిడతావని చెప్పలేదు.”

“తిట్టను.”

“నువ్వు తిట్టవు అంటే ఒంట్లో బాగోలేదేమో.”

“బాగానే ఉంది. నేను చెప్పేది ఆవు గురించి కాదంటున్నాను.”

“ఆవు గురించి కాకపోతే ఆగుతుంది. సాలు మధ్యలో ఆపితే నాకు ఏ మొక్క అయిందో ఏది కాలేదో గుర్తుండదు. ఈ చివరకి వచ్చాక చెప్పు.”

“చివరకి వచ్చాక.”

“ఆ.”

“వచ్చాం.”

“మరి పక్క సాలు మొదలుపెట్టు. ఎండ చూడు, ఎంత బాగుందో. ఇన్ని రోజుల్లో ఇదే మంచి ఎండ. ఇప్పుడు తుడిచిన ప్రతి ఆకూ ఇప్పుడే పొయ్యి ముట్టించుకుంటోంది. ఆ పిల్ల చెప్పింది నిజమైతే.”

“నిజమే. నీకు నవ్వులాటగా ఉంది గాని నేను నమ్మాను. మీ అమ్మ కూడా నమ్మింది. నా కొడుక్కి ఎవరైనా చెప్పండి కడగొద్దని అంది. ఎవరు చెప్తారు? వంతెన మూసేశారు.”

“ఎప్పుడంది?”

“నువ్వెళ్ళాక. రోజూ అనేది.”

“అనేది.”

“అంటూ ఉండేది. ఏం, నా మాటలు పట్టుకుంటున్నావా?”

“లేదు. ఈ ఆకు పట్టుకున్నాను. చూడు, ఇది బతికే ఉంది. ఊది చూడు, పచ్చగా ఉంది లోపల.”

“గంపలో తిండి తెచ్చాను. తిను.”

“తర్వాత.”

“నిలబడే తిను. వేయించిన మొక్కజొన్న, చిక్కుళ్ళు. బార్లీ పిండి కూడా ఉంది. చేతులు చాచు, నేను పోస్తాను.”

“చేతులకి బూడిద.”

“నోరు తెరువు అయితే. గుడ్డ కిందికి లాగు.”

“నూబియాకి పెట్టినట్టు పెడుతున్నావు.”

“నూబియా ఇంత మొండిది కాదు. నములు. ఎన్నాళ్ళయింది వేడిది తిని?”

“దుంపలు కాల్చుకున్నాను. నిరుటివి, అటక మీదవి.”

“ఎలా ఉన్నావో చూసుకున్నావా? చొక్కా నీదేనా అనిపిస్తోంది. అన్సెల్మో, తింటూ విను. నేను ఇవాళ వచ్చింది…”

“నోట్లో పిండి పెట్టి మాట్లాడించకు. పొలమారుతుంది. మీ నాన్న అలాగే కదా పొలమారి కిందామీదా అయింది పెళ్ళిలో.”

“నువ్వు మాట్లాడక్కర్లేదు. వినమన్నాను.”

“వింటే ఏదో ఒకటి అనాలి కదా. అంటే పిండి పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అక్కడ ఇప్పటికే కావాల్సినంత ఉంది. ఇక చాలు. మూట కట్టెయ్యి.”

“సగం కూడా తినలేదు.”

“మిగిలింది దిగేటప్పుడు తింటాను. మబ్బు లేచింది. కదిలింది చూడు.”

“ఇంకా దూరం ఉంది.”

“దూరం లేదు. కింది దారి కనపడట్లేదు చూడు. ఇందాక కనపడేది. తొందరగా. కుదుపు, చెయ్యి పెట్టు, ఒక్కసారి. అలా. అదీ. ఇప్పుడు నీ చెయ్యి కుదిరింది.”

“నీ దగ్గర మెప్పు పొందడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.”

“దాచుకున్నాను. ఒక్కసారే వాడదామని.”

“నవ్వించకు. నవ్వు వస్తే ఏడుపొస్తుంది నాకు.”

“ఎందుకు?”

“ఏం లేదు. కంట్లో పడింది.”

“రుద్దుకోకు. రెప్ప కొట్టు. కన్నీళ్ళతో పోతుంది.”

“ఆ.”

“పోయిందా?”

“పోయింది. నీకో మాట చెప్తాను, కోప్పడకు. నువ్వు ఆ రోజు అలా పారిపోయి ఉండాల్సింది కాదు.”

“పారిపోలేదు. పనికొచ్చాను.”

“నీ తల్లిని నా మీద వదిలేసి వచ్చావు. ఆవిడ రాత్రంతా దగ్గేది. నల్లగా పడేది కఫం, తారులాగ. నేను వీపు రాసేదాన్ని, గుడ్డలు ఉతికేదాన్ని, మళ్ళీ రాసేదాన్ని. ప్రతిసారీ తలుపు చప్పుడైతే అటు చూసేది. ఎవరొచ్చారే అనేది. ఎవరూ లేరత్తయ్యా, గాలి అనేదాన్ని.”

“నేను అక్కడ ఉండి ఏం చేసేవాణ్ణి? నాకు వీపు రాయడం కూడా చేతకాదు.”

“చెయ్యి పట్టుకునేవాడివి.”

“ఈ చేతులా?”

“ఆ చేతులే. ఇంకేం చేతులున్నాయి నీకు?”

“ఇవి అక్కడుంటే ఇక్కడ ఇది ఉండేది కాదు.”

“తెలుసు. అందుకేగా నేను కూడా తుడుస్తున్నాను. నీతో పోట్లాడ్డానికి వచ్చి, నీ దుంపలు తుడుస్తున్నాను. నాకు సిగ్గుగా ఉంది, తెలుసా? మొదటి మొక్క దగ్గరే చెప్పేసి ఉండాల్సింది.”

“ఏం చెప్పేసి?”

“పోట్లాడి ఉండాల్సింది అంటున్నాను.”

“పోట్లాడావుగా ఇప్పుడు. బాకీ తీరిపోయింది. పిలక పట్టుకుని కుదపకు, విరుగుతుంది. మొదట్లో.”

“మొదట్లోనే పట్టుకున్నాను.”

“అమ్మ నన్ను ఈ చేలోనే కొట్టింది ఒకసారి. నీకు చెప్పానా?”

“చాలాసార్లు.”

“చిన్నప్పుడు. మట్టి ఎగదోయమంటే మొక్క నడుం దాకా పూడ్చేశాను, త్వరగా పెరుగుతుందని. ఆకులన్నీ మట్టి కింద. గునపం కర్రతో ఇచ్చింది పిక్కల మీద. ఊపిరాడనివ్వరా దానికి, నీ ముక్కు మూస్తే నువ్వు ఉంటావా అంది. నా ముక్కు మూసి చూపించింది కూడా. మూసి, వదల్లేదు చాలాసేపు. కళ్ళల్లో నీళ్ళొచ్చేశాయి.”

“ఆవిడకి ఇంజినీరమ్మ కొత్తగా చెప్పిందేం లేదన్నమాట.”

“అమ్మకి ఎందుకో తెలీదు. ఆకు కనపడాలి, ఆడాలి, అంతవరకే తెలుసు. ఎందుకో ఆ పిల్ల చెప్పింది. ఇద్దరూ కలిసి కూర్చుంటే బాగుండేది.”

“కూర్చున్నారు. ఆ పిల్ల మందు తెచ్చి ఇచ్చింది మీ అమ్మకి, వాళ్ళ నాన్నదట. పక్కన కూర్చుని తాగించింది.”

“పేరేమిటి?”

“ఆ పిల్లదా? అడగలేదు.”

“అడుగు. దుంపలు తీసినప్పుడు ఒక బుట్ట పంపిద్దాం.”

“చినుకు.”

“ఏది?”

“చేతిమీద పడింది.”

“చెమట.”

“చెమట కాదయ్యా, చల్లగా ఉంది. నువ్వు పైకి చూడు. సూర్యుడు పోయాడు.”

“ఒక్క చినుకుకి ఏం కాదు. తొందరగా. నువ్వు ఇటునించి, నేను అటునించి. ఈకలు వదిలెయ్యి ఇక, కుదుపు చాలు. కుదుపుతూ పో.”

“అన్సెల్మో, పొద్దు నడినెత్తికొచ్చింది. సైనికులు…”

“రానీ. వాళ్ళకీ తలా ఒక సాలు ఇద్దాం.”

“వేళాకోళం కాదు. పోదాం. ఇదొకటీ, ఆ పక్కదీ పోతే పోనీ. ఇంత చేశాం, ఇంత బతుకుతుంది. చాలు.”

“రెండు సాళ్ళ దుంపలంటే విత్తనానికి సరిపోతాయి వచ్చే ఏడు.”

“విత్తనానికి వేరేవి ఉంచుదాం. పోదాం పద.”

“ఇంకాసేపు.”

“అక్కడ ఎదురు చూస్తున్నారయ్యా.”

“ఎవరు?”

“అందరూ.”

“చూడనీ. ఈ సాలు అయిపోవచ్చింది. ఆ ఒక్కటే కదా మిగిలింది. కుదుపు.”

“కుదపను.”

“లుస్మీ.”

“కుదపను. ఇటు చూడు. మొక్కను వదిలి నా వంక చూడు. అత్తయ్య పోయింది. నిన్న సాయంత్రం, దీపాలు పెట్టకముందు. నా ఒళ్ళో తల పెట్టుకునే పోయింది, బాధపడలేదు. ఒర్తెన్సియా, నేను స్నానం చేయించాం. మీ నాన్న పెట్టిన చెవిపోగులు తియ్యలేదు, అలాగే ఉంచాం. పాదిరి వచ్చాడు. మధ్యాహ్నం దాకా ఆగుతామన్నారు నీకోసం, మొదటి పిడికెడు మట్టి కొడుకే వెయ్యాలని. అందుకే రానిచ్చారు సైనికులు. నేను వచ్చింది ఆ మాట చెప్పడానికే. వచ్చి ఈ ఆకులు చూశాను, నిన్ను చూశాను. చెప్తే దిగిపోతావు, దిగితే మళ్ళీ రానివ్వరు. ఒక్క సాలు అయ్యాక చెప్దాం అనుకున్నాను. తర్వాత ఇంకోటి. శవాన్ని అక్కడ పెట్టుకుని, మీ అమ్మని అక్కడ పెట్టుకుని, నేను ఇక్కడ దుంపలు చూసుకున్నాను. నన్ను తిట్టు. ఏమైనా అను. నీకు చెప్పకుండా ఇంతసేపు నీతో నవ్వాను నేను.”

“నువ్వొక్కదానివే కాదు నవ్వింది.”

“ఏమిటి?”

“వాగు దాటాక రాయి పక్కన ఆగి, నువ్వు చావుకి కప్పుకునే నల్ల శాలువా తీసి మడిచి గంప అడుగున పెట్టావు. ఇక్కణ్ణించి బాగా కనపడుతుంది ఆ చోటు. ఇంకొక్క సాలు ఆగి చెప్పాల్సింది, లుస్మీ.”